ఇంటి సర్వర్‌కు జియాన్, ఎపిక్ వంటి సర్వర్ ప్రాసెసర్ కావాలా, డెస్క్‌టాప్ ప్రాసెసర్ సరిపోతుందా?

వెన్నెలవాకిలి రాశారు:

అందరికీ నమస్కారం. ఇంట్లో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ఒక చిన్న సర్వర్ కట్టుకోవాలని అనుకుంటున్నాను. దాని పని ఏమిటో ముందే చెబుతాను. నాలుగు హార్డ్‌డిస్కుల్లో కుటుంబం ఫొటోలు, పత్రాలు జంట ప్రతులుగా ఉండాలి. ఉన్న వీడియోలను టీవీలోనూ ఫోన్లలోనూ చూడగలగాలి. రెండు మూడు వర్చువల్ మెషీన్లు (ఒకే యంత్రంలో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి), ఇంటి లైట్లను, సెన్సర్లను నడిపే ఒక చిన్న ప్రోగ్రామ్, ఫోన్లలోని ఫొటోలను వాటంతటవే తెచ్చుకునే ఒక సేవ కూడా అందులోనే నడవాలి.

నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది, పెద్ద సంస్థలు మార్చేసిన సర్వర్ల నుంచి ఊడదీసి అమ్ముతున్న జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్, దానికి తగిన సర్వర్ బోర్డు, ఈసీసీ ర్యామ్ (తప్పులను పట్టి దిద్దే మెమరీ). రెండోది, కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్, అంటే ఇంటెల్ కోర్ ఐ5 గానీ ఏఎండీ రైజెన్ గానీ. మొదటి దాంట్లో 14 కోర్లు, 28 థ్రెడ్లు వస్తున్నాయి. సర్వర్ కోసమే తయారైన చిప్ ఎక్కువకాలం నమ్మకంగా పనిచేస్తుందని చాలామంది అంటారు. ఆ మాటలో నిజమెంతో, నా అవసరానికి ఏది తగినదో అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

---

మీటరుచూపు రాశారు:

మీరు పని జాబితా ముందే ఇచ్చారు కాబట్టి సూటిగా మాట్లాడుకోవచ్చు. అందులో ఉన్న ఏ పనీ రోజులో ఎక్కువసేపు ప్రాసెసర్‌ను కష్టపెట్టేది కాదు. ఇంటి సర్వర్ తన జీవితంలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఊరికే కూర్చునే ఉంటుంది. అందువల్ల మీరు మొదట చూడాల్సిన అంకె కోర్ల సంఖ్య కాదు, ఏ పనీ లేనప్పుడు ఆ యంత్రం గోడ సాకెట్ నుంచి ఎన్ని వాట్లు లాగుతుందన్నదే.

లెక్క చాలా చిన్నది. ఏడాదికి 8,760 గంటలు. ఒక్క వాటు ఏడాది పొడవునా కాలితే 8.76 యూనిట్లు అవుతుంది. ఆ తరం జియాన్ బోర్డులు హార్డ్‌డిస్కులు లేకుండానే, ఖాళీగా ఉన్నప్పుడు, సాధారణంగా 50 నుంచి 80 వాట్ల దాకా తీసుకుంటాయి. శ్రద్ధగా అమర్చిన కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ 15 నుంచి 30 వాట్ల మధ్య నిలుస్తుంది. తేడా 40 వాట్లే అనుకున్నా ఏడాదికి 350 యూనిట్లు దాటుతుంది. చౌకగా వచ్చిందని కొన్న పాత ప్రాసెసర్ మిగిల్చిన సొమ్మును కరెంటు బిల్లు నెలనెలా వెనక్కి తీసుకుంటుంది. మీ దగ్గరి యూనిట్ ధరతో గుణించి చూసుకుంటే ఎన్నేళ్లలో ఆ లాభం హరించుకుపోతుందో తేలిపోతుంది.

ఇక్కడ టీడీపీ అంకెను చూసి మోసపోవద్దు. 120 వాట్ల టీడీపీ అంటే నిండు పనిలో చల్లబరచాల్సిన వేడికి కొలమానమే తప్ప, ఖాళీగా ఉన్నప్పటి ఖర్చు గురించి అది ఏమీ చెప్పదు. జియాన్ ఈ5 ఖాళీగా ఉన్నా ఎక్కువ తినడానికి కారణాలు వేరే ఉన్నాయి. నాలుగు మెమరీ ఛానళ్లు, పెద్ద క్యాష్, 40 పీసీఐఈ లేన్లు (కార్డులను, డిస్కులను ప్రాసెసర్‌కు కలిపే దారులు), వీటన్నిటినీ కలిపే లోపలి వ్యవస్థ, బోర్డు మీద ఎప్పుడూ మెలకువగా ఉండే నిర్వహణ చిప్, ఇవన్నీ కలిసి ఆ భారాన్ని మోపుతాయి.

డెస్క్‌టాప్ చిప్ తీసుకున్నంత మాత్రాన తక్కువ వాట్లు వాటంతటవి రావని కూడా గుర్తుంచుకోవాలి. ప్రాసెసర్ లోతైన నిద్రలోకి, అంటే ప్యాకేజీ సీ-స్టేట్లలోకి, వెళ్లాలంటే దానికి తగిలించిన ప్రతి కార్డూ ఏఎస్‌పీఎం అనే విద్యుత్ పొదుపు పద్ధతిని పాటించాలి. ఒక్క కార్డు మొరాయించినా మొత్తం ప్రాసెసర్ మేలుకునే ఉంటుంది. అదనపు సాటా (డిస్కులు తగిలించే) పోర్టుల కోసం చాలామంది వాడే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ కార్డు తానే దాదాపు పది వాట్లు తీసుకోవడమే కాక, ఈ నిద్రకు కూడా అడ్డుపడుతుంది. అదే ఏఎస్ఎం1166 చిప్ ఉన్న ఆరు పోర్టుల కార్డు సరైన ఫర్మ్‌వేర్‌తో ఉంటే ఆ ఇబ్బంది పెట్టదు. మీకు నాలుగు డిస్కులే కాబట్టి బోర్డు మీది పోర్టులే చాలు, ఏ కార్డూ అక్కర్లేదు.

---

పాతబీరువా రాశారు:

మీటరుచూపు గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే సర్వర్ ప్రాసెసర్‌ను కేవలం వాట్లతో తూచి పక్కన పెట్టడం న్యాయం కాదు. నేను చాలాకాలంగా ఇదే ఈ5 వీ4 తరం యంత్రాన్ని నడుపుతున్నాను, నాకు దొరికిన సుఖం కోర్ల వల్ల వచ్చింది కాదు.

మొదటిది మెమరీ. ఈ బోర్డులు డీడీఆర్4 తరానికి చెందిన రిజిస్టర్డ్ (సర్వర్ల కోసం చేసిన రకం) ఈసీసీ ర్యామ్‌ను తీసుకుంటాయి. సంస్థలు కొత్త తరానికి మారినప్పుడు అది పెద్ద మొత్తంలో బయటికి వస్తుంది కాబట్టి, 128 లేదా 256 జీబీ పెట్టుకోవడం ఇక్కడ మామూలు విషయం. డెస్క్‌టాప్ బోర్డులో నాలుగు స్లాట్లకు మించి ఉండవు, రిజిస్టర్డ్ ర్యామ్ అసలు పనిచేయదు.

రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, దూరం నుంచి నిర్వహించగల ఐపీఎంఐ. బోర్డు మీద విడిగా ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది, దానికి తన సొంత నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. ప్రధాన యంత్రం ఆఫ్ అయి ఉన్నా, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆగిపోయినా, బయోస్ (యంత్రం ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తెర మీదే చిక్కుకుపోయినా, వేరే ఊళ్లో కూర్చుని ఆ తెరను చూడవచ్చు, ఆన్ చేయవచ్చు, ఇన్‌స్టాల్ డిస్క్ తగిలించవచ్చు. మానిటర్, కీబోర్డు మోసుకుని అటక ఎక్కాల్సిన పనే ఉండదు. సర్వర్‌ను ఎవరూ లేని ఇంట్లో వదిలి ప్రయాణాలు చేసేవారికి దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

---

బిట్టుబిట్టు రాశారు:

వెన్నెలవాకిలి గారు, మీ జాబితాలో నాకు మిగతా అన్నిటికంటే బరువైన మాట "కుటుంబం ఫొటోలు". వర్చువల్ మెషీన్ పాడైతే మళ్లీ కట్టుకోవచ్చు, ఆ ఫొటోలను మళ్లీ తీయలేం. కాబట్టి ఈసీసీ మెమరీ గురించి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

మామూలు ర్యామ్‌లో ఒక బిట్ తనంతట తాను 0 నుంచి 1కి మారితే ఎవరికీ తెలియదు. అది ఫొటో ఫైలులో పడితే ఆ తప్పు డిస్కు మీదికి చేరుతుంది, అక్కడి నుంచి బ్యాకప్‌లోకి చేరుతుంది. ఈసీసీ మాడ్యూల్‌లో, డీడీఆర్4 విషయంలో, ప్రతి 64 బిట్ల డేటాకు 8 తనిఖీ బిట్లు తోడుంటాయి. ఒక బిట్ తప్పితే సరిదిద్దుతుంది, రెండు బిట్లు తప్పితే కనీసం గుర్తించి చెబుతుంది. ఇలాంటివి ఎప్పుడో గాని జరగవని కొట్టిపారేయడానికి వీల్లేదు. గూగుల్ సర్వర్ల మీద జరిపి 2009లో వెలువరించిన పరిశీలనలో ఏడాదికి 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో కనీసం ఒక దోషం కనిపించింది, యంత్రాల్లో చూస్తే దాదాపు మూడో వంతు. అక్కడ తేలిన ఇంకో సంగతి నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. తప్పులు అన్ని మాడ్యూళ్లకూ సమానంగా పంచినట్టు రావు, ఒకసారి తప్పు చూపిన మాడ్యూలే మళ్లీ మళ్లీ చూపుతుంది. అంటే ఈసీసీ చేసే అసలు మేలు తప్పును దిద్దడం కంటే, ఏ ర్యామ్ చెడుతున్నదో ముందే పేరు పెట్టి చెప్పడం.

దీని మీద జడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) వాడేవారి మధ్య ఒక అపోహ ప్రచారంలో ఉంది. ఈసీసీ లేకుండా జడ్‌ఎఫ్ఎస్ నడిపితే స్క్రబ్ (డేటా మొత్తాన్ని తనిఖీ) చేసేటప్పుడు మొత్తం పూల్ (డిస్కులన్నీ కలిసిన నిల్వ) నాశనమవుతుందని భయపెడతారు. జడ్‌ఎఫ్ఎస్ రూపకర్తల్లో ఒకరైన మాథ్యూ అరెన్స్ స్వయంగా, ఈసీసీ అవసరం జడ్‌ఎఫ్ఎస్‌కు మిగతా ఫైల్ సిస్టమ్‌ల కంటే ప్రత్యేకంగా ఏమీ ఎక్కువ కాదని స్పష్టం చేశారు. డేటా మీద మమకారం ఉన్నవారికి ఏ ఫైల్ సిస్టమ్‌తోనైనా ఈసీసీ మంచిదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈసీసీ కావాలంటే సర్వర్ ప్రాసెసరే కొనాలన్న మాట ఇప్పుడు నిలవదు. ఇంటెల్ చాలాకాలం దీన్ని మార్కెట్ విభజనకు వాడుకుంది. మామూలు కోర్ ఐ5, ఐ7 చిప్‌లలో ఈసీసీని మూసివేసి, జియాన్ కొనేవారికి మాత్రమే ఇచ్చింది. ఈ విధానాన్ని లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2021 జనవరిలో గట్టిగా తప్పుపట్టారు. అదే ఏడాది చివర వచ్చిన 12వ తరం నుంచి, డబ్ల్యూ680 చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) ఉన్న బోర్డు తీసుకుంటే కోర్ ఐ5-12500 వంటి చాలా మామూలు చిప్‌లలో కూడా ఈసీసీ పనిచేస్తుంది. అన్ని మోడళ్లలోనూ కాదు, కాబట్టి కొనే ముందు ఇంటెల్ వివరాల పేజీలో ఆ మోడల్ పేరుతోనే సరిచూసుకోవాలి. రైజెన్‌లో గ్రాఫిక్స్ ప్రధానంగా ఉండే జీ రకం చిప్‌లను మినహాయిస్తే మిగతావాటిలో ఈసీసీ తెరిచే ఉంటుంది, అయితే బోర్డు తయారీదారు దాన్ని అమర్చి ఉండాలి. 5600జీలో ఉండదు, 5650జీ ప్రోలో ఉంటుంది. పేరులో ఒక్క మాట తేడా, పనిలో ఇంత తేడా.

---

వెన్నెలవాకిలి రాశారు:

చాలా ఉపయోగపడింది. ఒక సందేహం. డీడీఆర్5 ర్యామ్ అన్నిటిలోనూ ఈసీసీ లోపలే ఉంటుందని ప్రకటనల్లో చదివాను. అలాంటప్పుడు డీడీఆర్5 డెస్క్‌టాప్ తీసుకుంటే ఈ ప్రశ్నే ఉండదు కదా?

---

బిట్టుబిట్టు రాశారు:

ఉంటుందండీ. డీడీఆర్5లో ఉన్నది చిప్ లోపలి ఈసీసీ మాత్రమే. చిప్‌ల సాంద్రత పెరిగి, బలహీనమైన కణాలు ఎక్కువైనందువల్ల తయారీ సౌలభ్యం కోసం దాన్ని పెట్టారు. చిప్ లోపల ఒక బిట్ తప్పితే దిద్దుకుంటుంది, అంతవరకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పులను అది పట్టుకోదు, దిద్దిన సంగతిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పదు. నేను పైన చెప్పిన అసలు మేలు, అంటే ఏ మాడ్యూల్ చెడుతున్నదో తెలియడం, ఇందులో దొరకదు. మీరు కొనాల్సింది పేరులో ఈసీసీ యూడిమ్ (డెస్క్‌టాప్ స్లాట్లకు తగిన రకం) అని స్పష్టంగా ఉన్నదే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈసీసీ అని కనబడగానే సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్, అంటే ఆర్‌డిమ్, కొనవద్దు. డీడీఆర్4లో అది డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది గానీ యంత్రం లేవదు. డీడీఆర్5లో గాడి స్థానమే వేరు కాబట్టి అసలు కూర్చోదు, ఆ మేరకు నయం.

---

సడిలేదు రాశారు:

వీడియోల గురించి ఎవరూ మాట్లాడలేదు. టీవీ ఆ ఫైలును నేరుగా ఆడించగలిగితే సర్వర్‌కు పనే ఉండదు, కేవలం ఫైలు పంపుతుంది. ఫోన్ ఆడించలేని రకమైతేనో, బయట నెట్ వేగం తక్కువైతేనో అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఆ పనిని ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలోని గ్రాఫిక్స్ భాగం, క్విక్ సింక్ పేరుతో, ప్రాసెసర్ కోర్లను దాదాపు తాకకుండా చేసేస్తుంది. 7వ తరం నుంచి 10 బిట్ల హెచ్‌ఈవీసీ రకం వీడియో కూడా దానికి లెక్కలోది కాదు. ఈ5-2680 వీ4లో గ్రాఫిక్స్ భాగమే లేదు. 14 కోర్లూ ఉడికిపోతూ చేయాలి, లేదా విడిగా కార్డు పెట్టి మరికొన్ని వాట్లు సమర్పించుకోవాలి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న కోర్ చిప్‌లలో కూడా గ్రాఫిక్స్ ఉండదు, పొరపాటున అది కొనవద్దు.

కోర్ల సంఖ్య చూసి ఆశపడేవారికి ఇంకో మాట. ఈ5-2680 వీ4లో ఒక కోర్ గరిష్ఠంగా 3.3 గిగాహెర్ట్జ్‌కు చేరుతుంది, ఐ5-12500లో 4.6కు చేరుతుంది, పైగా అదే వేగంలో కొత్త కోర్ ఎక్కువ పని చేస్తుంది. సాంబా (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ప్రోగ్రామ్) ద్వారా మీరు ఒక కంప్యూటర్ నుంచి ఫైళ్లు కాపీ చేస్తే ఆ కనెక్షన్‌కు ఒకే ప్రాసెస్ ఉంటుంది. మీకు తగిలే వేగం ఆ ఒక్క ప్రాసెస్‌దే, మిగతా 13 కోర్లు చూస్తూ ఉంటాయి.

---

దారిదీపం రాశారు:

పాతబీరువా గారు 40 లేన్ల ఊసు ఎత్తలేదు గానీ ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే లెక్క వేస్తాను. పీసీఐఈ 3.0లో ఒక్క లేన్ సెకనుకు దాదాపు 985 మెగాబైట్లు మోస్తుంది. ఒక హార్డ్‌డిస్క్ బయటి అంచున కూడా సుమారు 250 మెగాబైట్లే ఇస్తుంది. అంటే నాలుగు డిస్కులూ ఏకకాలంలో పరుగెత్తినా అటూ ఇటూగా ఒక లేన్ పనే. 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డుకు రెండు లేన్లు చాలు. ఏఎం5 సాకెట్ రైజెన్ ప్రాసెసర్ నుంచి నేరుగా 24 లేన్లు వాడుకోవచ్చు, 12వ తరం ఇంటెల్ నుంచి 20. చాలా ఎన్‌వీఎంఈ (ఈ లేన్లకే తగిలే వేగమైన) డిస్కులు, రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు పెట్టేవారికే 40, 128 లేన్లు అవసరం. ఎపిక్ 2017లో వచ్చినప్పుడు 128 లేన్లతో వచ్చింది, అలాంటి పని ఉన్నవారికి ఈనాటికీ దానికి సాటి డెస్క్‌టాప్‌లో లేదు.

లేన్ల కంటే నేను పట్టించుకునేది ఐఓఎంఎంయూ గ్రూపులు, అంటే విడదీయకుండా కలిపే అప్పగించాల్సిన పరికరాల గుంపులు. ఒక నెట్‌వర్క్ కార్డును గానీ డిస్క్ కంట్రోలర్‌ను గానీ పూర్తిగా ఒక వర్చువల్ మెషీన్‌కు అప్పగించాలంటే అది తన గ్రూపులో ఒంటరిగా ఉండాలి. సర్వర్ బోర్డుల్లో ఇది సాధారణంగా శుభ్రంగా ఉంటుంది. డెస్క్‌టాప్ బోర్డుల్లో చిప్‌సెట్ వెనక ఉన్నవన్నీ ఒకే గ్రూపులో కుక్కి ఉండటం తరచూ కనిపిస్తుంది. అప్పగింతల ఆలోచన ఉంటే, బోర్డు కొనే ముందు దాన్ని వాడుతున్నవారిని ఆ గ్రూపుల జాబితా అడగండి.

నాకు అర్థమైనంతలో ఈ చర్చకు పెట్టిన పేరే కొంచెం దారి తప్పిస్తోంది. జియాన్ అన్నది ఒకే రకం చిప్ కాదు. జియాన్ ఈ-2200 శ్రేణి, 9వ తరం కోర్ చిప్‌లు రెండూ కాఫీ లేక్ కుటుంబానివే. 2024లో వచ్చిన ఎపిక్ 4004 శ్రేణి డెస్క్‌టాప్ రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లోనే కూర్చుంటుంది, ఎక్కువలో ఎక్కువ 16 కోర్లు, ఈసీసీకి తయారీదారు హామీ ఉంటుంది. ఇవి పేరుకు సర్వర్లు, స్వభావానికి డెస్క్‌టాప్‌లు. ఈ5 వంటివి పుట్టుకతోనే సర్వర్లు. ఎంచుకోవాల్సింది చిప్ మీది పేరును కాదు, ఏ సాకెట్ మీద ఏ మెమరీ, ఎన్ని లేన్లు, ఖాళీగా ఎన్ని వాట్లు అన్నదాన్ని. జియాన్ ఈ-2400లో గ్రాఫిక్స్ లేదన్న సంగతి కూడా చూసుకోవాలి, మీ వీడియో పనికి అది అడ్డు.

---

పాతబీరువా రాశారు:

దారిదీపం గారి విభజన సరైనదే. నా మాటను ఆ మేరకు సవరించి చెబుతాను. 64 జీబీ దాటి మెమరీ నిజంగా వాడేవారికి, పది పన్నెండు వర్చువల్ మెషీన్లతో ప్రయోగాలు చేసేవారికి, ఎన్నో డిస్కులు తగిలించేవారికి పాత సర్వర్ ఇప్పటికీ మంచిదే. వెన్నెలవాకిలి గారి జాబితాలో ఇవేవీ లేవు.

ఒకవేళ ఎవరైనా ఈ దారిలో వెళ్తే ఈ5లో వీ3 లేదా వీ4 మాత్రమే తీసుకోవాలి. అంతకు ముందువైన వీ1, వీ2లలో ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ సూచనలు (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసేవి) లేవు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 ఆ సూచనలు ఉండే ఎక్స్86-64 వీ3 అనే స్థాయిని కనీసంగా కోరుతుంది కాబట్టి వాటి మీద అది నడవదు, రాబోయే రోజుల్లో ఇలాంటి తలుపులు ఇంకా మూసుకుంటాయి. రెండు సాకెట్ల బోర్డు జోలికి ఇంట్లో వెళ్లవద్దు. రెండో ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా తన వాటా కరెంటు తాను తీసుకుంటుంది, మెమరీ రెండు ముక్కలుగా విడిపోతుంది. ఒక యూనిట్ ఎత్తుండే సర్వర్ పెట్టెల్లోని 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ల రొద పక్క గదిలో కూడా నిద్రపోనివ్వదు.

ఐపీఎంఐ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. డబ్ల్యూ680 బోర్డుల్లో కొన్నిటికి, ఏఎం5 సర్వర్ బోర్డులకు అది ఉంటుంది. లేకపోతే రాస్‌బెరీ పై మీద నడిచే పైకేవీఎం (తెరను, కీబోర్డును నెట్ ద్వారా అందించే పరికరం) తగిలించుకోవచ్చు. ఏదో ఒకటి పెట్టుకోండి.

---

మీటరుచూపు రాశారు:

మొదట అడిగిన నమ్మకం సంగతి మిగిలిపోయింది. సర్వర్ చిప్‌లోని సిలికాన్ వేరే లోహం కాదు. తేడా వచ్చేది తక్కువ వేగంలో, తక్కువ వోల్టేజీలో నడపడం వల్ల, ర్యామ్ తప్పులు బయటపడటం వల్ల, బోర్డు మీద జరిపే పరీక్షల వల్ల. డెస్క్‌టాప్ చిప్‌ను కూడా అలా నడపవచ్చు. బయోస్‌లో గరిష్ఠ విద్యుత్ పరిమితిని తగ్గించండి, ఓవర్‌క్లాకింగ్ ప్రొఫైళ్లు ఆపేయండి, మెమరీని దాని ప్రామాణిక వేగంలోనే ఉంచండి.

అలాగని డెస్క్‌టాప్ వైపు అంతా క్షేమమని చెప్పను. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో అధిక వోల్టేజీ వల్ల చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య 2024లో బయటపడింది. 65 వాట్లు, ఆపై చిప్‌లు దీని పరిధిలోకి వస్తాయని ఇంటెల్ ప్రకటించి, ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ ప్రోగ్రామ్) సవరణలు విడుదల చేసి, హామీ కాలాన్ని రెండేళ్లు పెంచింది. ఆ తరాలవి సెకండ్‌హ్యాండ్‌లో కొనవద్దు. సవరణకు ముందు అది ఎన్నాళ్లు ఎలా నడిచిందో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు, జరిగిన నష్టాన్ని మైక్రోకోడ్ వెనక్కి తేలేదు. కొత్తది కొన్నా, ముందు బయోస్‌ను తాజా చేసి ఆ తర్వాతే పనిలో పెట్టండి. 12వ తరానికి ఈ బెడద లేదు.

పవర్ సప్లై కూడా అవసరానికి తగ్గదే తీసుకోండి. 30 వాట్లు వాడే యంత్రానికి 650 వాట్ల సప్లై పెడితే అది తన సామర్థ్యంలో 5 శాతం లోపే పనిచేస్తుంది. పవర్ సప్లై ఎంత పొదుపుగా పనిచేస్తుందో కొలిచే మామూలు 80 ప్లస్ పరీక్షలు 20 శాతం భారం నుంచే మొదలవుతాయి కాబట్టి పెట్టె మీది బంగారు ముద్ర ఆ స్థాయి గురించి ఏ హామీ ఇవ్వదు.

---

వెన్నెలవాకిలి రాశారు:

నా నిర్ణయం ఖాయమైంది. కోర్ ఐ5-12500, ఐపీఎంఐ ఉన్న డబ్ల్యూ680 బోర్డు, రెండు ఈసీసీ యూడిమ్‌లతో మొత్తం 64 జీబీ తీసుకుంటున్నాను. రెండు స్లాట్లు ఖాళీగా ఉంచుతాను. 14 కోర్ల ఆశ వదులుకోవడం కొంచెం కష్టంగానే ఉంది గానీ, నా పనిలో వాటికి చోటు లేదని స్పష్టమైంది. చివరిగా ఒక్కటి తెలుసుకోవాలి. ఈసీసీ నిజంగా పనిచేస్తోందో, కేవలం ర్యామ్ గుర్తింపబడి ఊరుకుందో, యంత్రం కట్టాక ఎలా తేల్చుకోవాలి?

---

బిట్టుబిట్టు రాశారు:

సరైన ప్రశ్న, చాలామంది ఈ మెట్టు దాటేసి ఊరుకుంటారు. లైనక్స్ ఎక్కించాక డీఎంఐడీకోడ్ ఆదేశంతో మెమరీ వివరాలు చూడండి. మొత్తం వెడల్పు డేటా వెడల్పు కంటే ఎక్కువగా కనిపించాలి, డీడీఆర్4 అయితే 72, 64 అని ఉంటుంది. దోష సవరణ రకం దగ్గర "నన్" (ఏదీ లేదు) అని ఉండకూడదు. ఇంతవరకు తెలిసేది బోర్డు చెప్పుకుంటున్న మాట మాత్రమే.

ఆ తర్వాత కెర్నెల్‌లో మీ చిప్‌కు తగిన ఈడీఏసీ (మెమరీ తప్పులను నమోదుచేసే) డ్రైవర్ లోడయిందో లేదో బూట్ సందేశాల్లో చూడండి. అది లోడయితే సిస్ ఫోల్డర్‌లో ఈడీఏసీ కింద ప్రతి మెమరీ కంట్రోలర్‌కు ఒక విభాగం ఏర్పడుతుంది, అందులో దిద్దిన తప్పులకు ఒకటి, దిద్దలేని తప్పులకు ఒకటి లెక్కలు ఉంటాయి. రెండూ సున్నా ఉండటం మంచిదే, కానీ ఆ విభాగమే లేకపోతే తప్పులు మీ దాకా రావడం లేదని అర్థం. అప్పుడు బయోస్‌లో ఈసీసీ ఎంపికను చూడండి, కెర్నెల్ పాతదైతే కొత్తదానికి మారండి. రాస్‌డీమన్ అనే ప్రోగ్రామ్ ఎక్కించి పెట్టుకుంటే తప్పు జరిగిన సమయం, మాడ్యూల్ పేరు నమోదవుతాయి.

ఫొటోలు ఎక్కించే ముందు మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రంతా నడవనివ్వండి. కొత్త ర్యామ్‌లో దిద్దిన తప్పు ఒక్కటి కనిపించినా ఆ మాడ్యూల్‌ను వెనక్కి పంపి వేరేది తెప్పించుకోండి. ఇంకా ఒకటి, బ్యాకప్‌ను ఈ యంత్రంలోనే ఇంకో డిస్కు మీద కాకుండా వేరే చోట ఉంచండి. జంట డిస్కులు ఒక డిస్కు చెడితే ఆదుకుంటాయి గానీ, పొరపాటున తుడిచేసిన ఫోల్డర్‌ను రెండు డిస్కుల్లోనూ ఒకేసారి తుడిచేస్తాయి.